కారులో వినే పాటలకు మెమరీ ఎంత?

కారులో స్టీరియో పెట్టించుకోదలచిన గృహస్థుకు అంగడిలో ఎదురయ్యే మొదటి ప్రశ్న, "ఎన్ని జీబీలది ఇమ్మంటారండీ?" అన్నది. 8, 16, 32, 64, 128 అని అంకెలు వరుసగా వినిపిస్తాయి. వీటిలో ఏది తనకు చాలునో, ఏది మిక్కిలి అవుతుందో తేల్చుకోలేక ఆయన సాధారణంగా చేతిలోని డబ్బుకు వచ్చినంత పెద్దది తీసుకుంటాడు. ఆ తరువాత తరచు రెండింటిలో ఒకటి జరుగుతుంది. కొన్న పెన్ డ్రైవును కారులోని యంత్రం చదవనైనా చదవదు. లేదా చదివినా, అందులో పదోవంతు నిండకుండానే ఏళ్లు గడచిపోతాయి.

రేడియోలో పనిచేసేవారికి గడియారమే కొలబద్ద. కచేరీ ఎంత గొప్పదైనా, ఉపన్యాసం ఎంత సారవంతమైనదైనా, ప్రసారానికి ముందుగా తెలియవలసినది అది ఎన్ని నిమిషాలన్న సంగతి. ఆ కొలబద్దనే కారులోకి తీసుకువస్తే పై చిక్కు చాలావరకు విడిపోతుంది. "నేను ఎన్ని గంటలు వింటాను?" అన్న ప్రశ్నకు సమాధానం దొరికితే, ఎన్ని జీబీలు కావలెనన్నది చిన్న గుణకారంతో తేలుతుంది.

పూర్వం ఈ గుణకారం అవసరం లేకపోయింది. పాటను నిలువచేసిన వస్తువే తన నిడివిని తాను చెప్పేది. నిమిషానికి 78 చుట్లు తిరిగిన పది అంగుళాల గ్రామఫోను రికార్డు ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషాలు పాడేది. పల్లవి, చరణాలు అంతలోనే ముగియవలసి వచ్చేవి. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ లాంగ్ ప్లే రికార్డును వెలువరించింది. దానితో ఒక వైపుననే ఇరవై నిమిషాలకు పైబడిన సంగీతం ఇమిడింది. 1963లో ఫిలిప్స్ సంస్థ కాసెట్టును తెచ్చింది. కాసెట్టు నొసటనే 60 అనో 90 అనో వ్రాసి ఉండేది. 90 అంటే రెండు వైపులా కలిపి తొంబది నిమిషాలు. 1982లో బజారుకు వచ్చిన కాంపాక్ట్ డిస్కుకు సుమారు 74 నిమిషాల నిడివి. వీటిలో దేనిని చేతపట్టినా ఎంతసేపు వినవచ్చునో ఇంటిల్లిపాదికీ తెలిసేది. జపానులో తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసుఓకా 1984లో లోకానికి వెల్లడించిన ఫ్లాష్ మెమరీ, 2000 నాటికి పెన్ డ్రైవు రూపంలో అంగళ్లకు చేరింది. పొడవులోను, బరువులోను అది మనకు ఎంతో మేలు చేసింది గాని, నిమిషాల లెక్కను మాత్రం తుడిచివేసింది. దానిమీద ఉండేది జీబీల అంకె ఒక్కటే. దానిని మళ్లీ నిమిషాలలోకి మార్చుకోవడం మన పని.

మార్చే పద్ధతి సులభం. యంత్రంలో శబ్దం అంకెలుగా నిలువ ఉంటుంది. అందులో అతి చిన్న అంశం బిట్టు. ఎనిమిది బిట్లు ఒక బైటు. పదిలక్షల బైట్లు ఒక మెగాబైటు. వెయ్యి మెగాబైట్లు ఒక గిగాబైటు. మనం జీబీ అనేది దీనినే. కాంపాక్ట్ డిస్కులో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లలో వ్రాస్తారు. ఎడమ, కుడి అని రెండు దారులు. ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. గంటకు అది సుమారు 635 మెగాబైట్లు.

ఎంపీత్రీ పద్ధతిలో ఇంత చోటు అవసరం లేదు. మన చెవికి ఒక స్వభావం ఉన్నది. పెళ్లిపందిట్లో డోలు మోగుతూ ఉండగా పక్కవారి గుసగుస వినబడదు. పెద్ద శబ్దం తన దాపున ఉన్న చిన్న శబ్దాన్ని కప్పివేస్తుంది. అలా కప్పబడి, ఎలాగూ వినబడని భాగాలను స్థూలంగా వ్రాయడమో, విడిచిపెట్టడమో ఎంపీత్రీ చేసే పని. సెకనుకు ఎన్ని బిట్లు ఇవ్వాలో మనమే నిర్ణయించవచ్చును. సెకనుకు 128 కిలోబిట్లు ఇస్తే గంట సంగీతానికి సుమారు 58 మెగాబైట్లు పట్టుతుంది. 192 ఇస్తే సుమారు 86. 320 ఇస్తే 144. కేవలం మాటలకు, అనగా ప్రవచనానికో కథకో, 64 కిలోబిట్లు చాలును. గంటకు సుమారు 29 మెగాబైట్లతో సరిపోతుంది. ఈ నాలుగు అంకెలను ఒక కాగితంమీద వ్రాసుకొని దగ్గర ఉంచుకుంటే మిగిలిన లెక్క ఎవరైనా చేయగలరు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. బిట్లు ఎంత ఎక్కువైతే శబ్దం అంత మేలు గదా, అన్నింటినీ పై మెట్టులోనే నింపరాదా? ఇంటిలో తలుపులు మూసి, మంచి స్పీకర్ల ఎదుట కూర్చొని వినేవారి విషయంలో ఈ మాటకు విలువ ఉన్నది. కారు సంగతి వేరు. రహదారిమీద వేగంగా సాగుతున్న కారు లోపల ఇంజను, చక్రాలు, గాలి కలిసి చేసే రొద సాధారణంగా 65 డెసిబెళ్ల పరిసరాలలో ఉంటుంది. ఇద్దరు కూర్చుండి మామూలుగా మాట్లాడుకునే స్థాయి కూడా ఇంచుమించు అంతే. వీణ తీగ మీటు సన్నగిల్లి మౌనంలో కలిసే ఆఖరి క్షణం ఆ రొదలో ఎలాగూ మునిగిపోతుంది. కనుక కారు ప్రయాణానికి 192 కిలోబిట్లు సాధారణ శ్రోతకు చాలును. శాస్త్రీయ సంగీతంపై మక్కువ ఉన్నవారు 320 పెట్టుకుంటే ఏ కొరతా ఉండదు.

మరొక మాట. మూలంలో లేనిది ప్రతిలోకి రాదు. 78 చుట్ల రికార్డునుండి ఎత్తిన పాత పాటకు ఎన్ని బిట్లు పోసినా ఆ రికార్డులో ఉన్న నాదమే వస్తుంది. 128 కిలోబిట్లలో దొరికిన పాటను 320కి మార్చి వ్రాస్తే చోటు రెండున్నర రెట్లు పట్టుతుంది గాని మాధుర్యం పెరగదు. మజ్జిగను పెద్ద కుండలో పోసినంతమాత్రాన అది పెరుగు కాదు గదా!

ఇప్పుడు ఒక కుటుంబం లెక్క వేసి చూద్దాము. వారికి నచ్చిన సినిమా పాటలు 300. పాటకు సగటున నాలుగు నిమిషాల చొప్పున 20 గంటలు. 192 కిలోబిట్లలో వీటికి సుమారు 1.7 జీబీ. ఇంటి పెద్దలకు కర్ణాటక సంగీతం 20 గంటలు, 320లో 2.9 జీబీ. ప్రవచనాలు, హరికథలు, పిల్లల కథలు కలిపి 30 గంటలు, 64లో 0.9 జీబీ. మొత్తం 70 గంటలకు ఐదున్నర జీబీ. హైదరాబాదునుండి తిరుపతికి కారులో పోవడానికి నడుమ ఆగడాలతో సహా పదకొండు గంటలు అనుకుంటే, రానుపోను 22 గంటలు. ఈ కుటుంబం మూడుసార్లు కొండకు పోయివచ్చినా విన్న పాట మళ్లీ వినవలసిన అవసరం రాదు. వారికి 8 జీబీలు చాలును. కొత్తవి చేర్చుకుంటూ పోవడానికి 16 ఉంటే సుఖం.

ఏ భాగాన్నీ విడువకుండా నిలువచేసే ఫ్లాక్ పద్ధతి కావలెననే రసికులు గంటకు సుమారు 350 మెగాబైట్లు లెక్కవేసుకోవలె. పై కుటుంబమే తన 40 గంటల పాటలను ఆ పద్ధతిలో ఉంచితే 14 జీబీలు అవుతుంది. అప్పుడు 32 జీబీల పెన్ డ్రైవు తగినది. అంతకు మించినది కొనవలసిన గృహస్థులు చాలా కొద్దిమంది. 32 జీబీలలో 320 కిలోబిట్ల సంగీతం 220 గంటలకు పైగా పట్టుతుంది. రోజూ ఒక గంట, నెలకు 25 రోజులు వినేవారికి అది ఇంచుమించు తొమ్మిది నెలల గ్రాసం.

పెన్ డ్రైవును కంప్యూటరుకు తగిలించగానే 32కు బదులు 29.8 అని కనబడి కొందరు మోసపోయామనుకుంటారు. అది మోసం కాదు. తయారుచేసేవారు నూరు కోట్ల బైట్లను ఒక జీబీ అంటారు. విండోస్ కంప్యూటరు 107 కోట్లకు పైచిలుకు బైట్లను ఒక జీబీగా లెక్కిస్తుంది. సరుకు ఒకటే, మానిక వేరు. ఐతే నిజమైన మోసం కూడా ఒకటి ఉన్నది. నమ్మశక్యం కాని చౌక ధరకు వచ్చే కొన్ని పెద్ద పెన్ డ్రైవులలో పైన వ్రాసిన అంకె ఒకటి, లోపల ఉన్న చోటు మరొకటి. ఉన్న చోటు నిండిన తరువాత వ్రాసినది నిలువదు, లేదా ముందు వ్రాసినది చెరిగిపోతుంది. కొన్నవెంటనే దానిని పూర్తిగా నింపి, చివరి పాటలతోబాటు మొదటి పాటలు కూడా సరిగా పలుకుతున్నవో లేవో విని చూడడం మంచిది.

చోటు లెక్క తేలినా పని పూర్తి కాలేదు. కారులోని యంత్రం దేనిని చదవగలదు అన్నది రెండవ లెక్క. ఇందుకు చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది. 1956 మోడలు కార్లలో అమెరికాలోని క్రైస్లర్ సంస్థ ఒక గ్రామఫోను అమర్చింది. దాని పేరు హైవే హైఫై; రూపొందించినవాడు కొలంబియా ప్రయోగశాలకు చెందిన పీటర్ గోల్డ్‌మార్క్. నిమిషానికి 16⅔ చుట్లు మాత్రమే తిరిగే ఏడు అంగుళాల రికార్డు ఒక్కొక్క వైపున ముప్పావుగంటకు తక్కువ కాకుండా పలికేది. నిడివికి లోటు లేదు. కాని అందుకోసం ప్రత్యేకంగా చేసిన రికార్డులే అందులో పలికేవి; ఇంటిలో ఉన్న రికార్డులు పనికివచ్చేవి కావు. కొన్ని ఏళ్లలోనే అది మూలపడింది.

పెన్ డ్రైవుల విషయంలోను ఇట్టి పొంతన చూడవలసి ఉన్నది. పెన్ డ్రైవు లోపల చోటును అరలుగా విభజించే పద్ధతులు కొన్ని ఉన్నవి. వాటిలో ఫ్యాట్32 అనే పాత పద్ధతిని కారు స్టీరియోలు ఇంచుమించు అన్నీ చదువుతాయి. 64 జీబీలు, అంతకు పైబడినవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో సిద్ధమై వస్తాయి. దీనిని చదవలేని స్టీరియోలు, ముఖ్యంగా కొంత పాతవి, అనేకం ఉన్నవి. అట్టి యంత్రం ముందు 128 జీబీల పెన్ డ్రైవు ఖాళీ పలకతో సమానం. అంతేకాదు, ఇన్ని పాటలకు మించి, ఇన్ని ఫోల్డర్లకు మించి చదవననే హద్దు కూడా అనేక యంత్రాలకు ఉన్నది. ఆ అంకెలు యంత్రంతో ఇచ్చిన చిన్న పుస్తకంలో అచ్చువేసి ఉంటాయి. అంగడికి పోయేముందు ఆ పుటను ఒకసారి తెరచి చూచినవారు డబ్బు దండుగ చేసుకోరు. పెన్ డ్రైవులో పాటలు పెరిగినకొద్దీ, కారు కదిలించిన ప్రతిసారీ యంత్రం ఆ పేర్లన్నీ చదువుకోవడానికి పట్టే సమయం కూడా పెరుగుతుంది.

పాటల పేర్లు తెలుగు లిపిలో వ్రాస్తే చాలా స్టీరియోలలో అక్షరాలకు బదులు డబ్బాలు కనబడతాయి. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొని, ముందు 01, 02 అని వరుస సంఖ్యలు వేసుకుంటే మేలు. కొన్ని యంత్రాలు పేర్ల వరుసను పాటించక, పాటలను పెన్ డ్రైవులోకి ఎక్కించిన వరుసలోనే వినిపిస్తాయి. కీర్తనల వరుస, కథాభాగాల వరుస తప్పరాదనుకునేవారు ఒకటొకటిగా ఆ క్రమంలోనే ఎక్కించవలె.

ఈ మధ్య వస్తున్న ఆండ్రాయిడ్ స్టీరియోలలో మెమరీ రెండు విధాలుగా చెబుతారు: 2 జీబీ, 32 జీబీ అనో, 4 జీబీ, 64 జీబీ అనో. మొదటిది వంటింటి బల్ల వంటిది, రెండవది కొట్టుగది. బల్ల ఎంత పెద్దదైతే ఒకేసారి అన్ని వంటలు సాగుతాయి. కొట్టుగది ఎంత పెద్దదైతే అంత సరుకు నిలువ ఉంటుంది. పాట వినిపించడానికి బల్లమీద చోటు బహు స్వల్పంగా చాలును; యంత్రం ఒకసారి కొన్ని సెకన్ల సంగీతాన్ని మాత్రమే కొట్టునుండి తీసుకొని వాయిస్తూ పోతుంది. రేడియో, పాటలు మాత్రమే కావలసినవారికి 2 జీబీ బల్ల సరిపోతుంది. దారి చూపే పటం, వెనుక కెమెరా, పాటలు అన్నీ కలిసి తడబాటు లేకుండా నడవాలంటే 4 జీబీ తీసుకోవడం మంచిది. చేతి ఫోనునే స్టీరియోకు కలిపి పటాలు చూచేవారి విషయంలో ఆ భారం చాలావరకు ఫోనే మోస్తుంది. కొట్టుగది పెద్దదైనంతమాత్రాన యంత్రం చురుకుగా పనిచేయదన్న సంగతి అంగడిలో మరచిపోరాదు.

ఇక చివరి విషయం. అన్నింటికంటె ముఖ్యమైనది కూడా ఇదే. ఫ్లాష్ మెమరీలో ప్రతి బిట్టు చుట్టూ గోడ కట్టి బంధించిన విద్యుదావేశం రూపంలో ఉంటుంది. ఆ గోడనుండి ఆవేశం కాలక్రమాన బహు మెల్లగా జారుతుంది. వేడి పెరిగితే ఆ జారుడు త్వరపడుతుంది. ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీల వరకు కాగడం మన ప్రాంతంలో వింత కాదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే మాసం సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఏడాది పొడుగునా స్టీరియోకు తగిలించి ఉంచిన పెన్ డ్రైవు ఆ వేడిని అంతటినీ అనుభవిస్తుంది.

ఈ సంగతి నేను పుస్తకంలో చదువుకొనే ముందే ఇంటిలో నేర్చుకున్నాను. మా నాన్నగారు పోతన పద్యాలు చదువుతుండగా రెండు గంటలపాటు ఫోనులో రికార్డు చేసి ఉంచుకున్నాము. ప్రయాణాలలో వినడానికి వీలుగా దానిని కారులోని 8 జీబీల పెన్ డ్రైవుకు ఎక్కించాను. ఫోనులో చోటు చాలడం లేదని మూలాన్ని తీసివేశాను. రెండు వేసవులు గడిచాయి. మూడవ ఏట ఒకనాడు స్టీరియో ఆ పెన్ డ్రైవును చదవనన్నది. కంప్యూటరు కూడా చదవనన్నది. బాగుచేసే వారికి చూపినా ఫలితం లేకపోయింది. అప్పటికి నాన్నగారు లేరు. ఎన్నడో మా అక్కయ్యకు ఫోనులో పంపిన పదకొండు నిమిషాల భాగం ఆవిడ చెరిపివేయకుండా ఉంచుకున్నది. మాకు మిగిలినది అంతే.

ఆ రెండు గంటల కంఠస్వరానికి పట్టిన చోటు 58 మెగాబైట్లు. ఆ పెన్ డ్రైవులో అది నూటికి ఒక పాలు కూడా కాదు. కనుక అది పోవడానికి మెమరీ తక్కువ కావడం కారణం కాదు. రెండవ ప్రతి లేకపోవడమే కారణం. బజారులో మళ్లీ దొరికే పాటలు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చును. ఇంటి పెద్దల మంగళహారతులు, అమ్మమ్మ చెప్పిన కథలు, పసివాని తొలిపలుకులు ఏ అంగడిలోను దొరకవు. వాటికి ఇంటిలోని కంప్యూటరులో ఒక ప్రతి, వేరే చోట మరొక ప్రతి ఉండవలె. కారులో ఉన్నది ఎప్పుడూ మూడవ ప్రతే కావలె. 64 జీబీల పెన్ డ్రైవు ఒకటి కొనడంకంటె, 16 జీబీలవి రెండు కొని, ఒకటి కారులోను ఒకటి బీరువాలోను ఉంచడం తెలివైన పని. బీరువాలో ఉన్నదానిని కూడా ఏడాదికొకసారి తెరచి విని, కొన్ని ఏళ్లకొకసారి కొత్తదానిలోకి మార్చుకుంటూ ఉండవలె.

అంగడికి పోయేముందు ఇంటిలో కూర్చొని ఒక కాగితం తీసుకొనండి. ఎన్ని గంటలు వింటారో వ్రాయండి. సంగీతమా, మాటలా అన్నదానినిబట్టి గంటకు ఇన్ని మెగాబైట్లని గుణించండి. వచ్చినదానికి సగం కలుపుకొనండి. కారు పుస్తకంలోని హద్దులతో సరిచూడండి. ఆపైన పోగొట్టుకోరానివి ఏవో గుర్తుతెచ్చుకొని, వాటికి రెండవ చోటు ఏర్పాటు చేయండి. ఇంత చేసినవారు "ఎన్ని జీబీలది ఇమ్మంటారండీ?" అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలరు.